గ్లాసులో జాతర

'నీళ్లలో అణువులు లైన్లో ఉంటాయా, గోలగోలగా ఉంటాయా?' సైన్సు పుస్తకంలో బొమ్మ చూసి మా పాప అడిగింది. నిజానికి రెండూ కాదు.

ఉప్పు పలుకులో పరమాణువులు స్కూలు ప్రార్థనలో పిల్లల్లా వరసల్లో ఉంటాయి. నీళ్లు అలా కాదు, మేడారం జాతర! మీ చెయ్యి పట్టుకుని ఉన్నది మీవాళ్లే. పదడుగుల అవతల ఎవరో ఎవరికెరుక? నీటిలో ఒక్కో అణువు చుట్టూ ఇంచుమించు నాలుగు అణువులు అలా చేతులు పట్టుకుని ఉంటాయి. సెకనులో లక్ష కోట్లవ వంతుకల్లా ఆ చేతులు మారిపోతుంటాయి కూడా.

ఇది తెలిసింది న్యూట్రాన్ల వల్ల. రియాక్టర్లో పుట్టే ఈ కణాలను నీటి మీదికి వదిలి, ఏ కోణంలో ఎన్ని చెదిరాయో లెక్కిస్తారు. దాన్నుంచి పరమాణువుల మధ్య దూరాలు తేలతాయి. ముంబయిలోని ట్రాంబేలో, ధ్రువ రియాక్టర్ దగ్గర ద్రవాలు, గాజు కోసమే ఓ పరికరాన్ని అమర్చారు. ఎక్స్‌రేలు చాలవా అంటే, వాటికి కనిపించేది ఎలక్ట్రాన్లే. ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ దాదాపు ఆనదు. న్యూట్రాన్ నేరుగా కేంద్రకాన్నే తాకుతుంది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన చిట్కా ఉంది. మామూలు నీళ్లతో ఒకసారి, భారజలంతో ఒకసారి, రెండూ కలిపి ఇంకోసారి ప్రయోగం చేస్తారు. భారజలమంటే హైడ్రోజన్ బదులు దానికి అన్నలాంటి డ్యుటీరియం ఉన్న నీళ్లు. మన మణుగూరు దగ్గర తయారుచేసేది అదే. రెండు నీళ్ల తీరూ ఇంచుమించు ఒకటే, న్యూట్రాన్లను చెదరగొట్టడంలోనే తేడా. కవలల్లో ఒకరికి ఎర్రచొక్కా తొడిగినట్టన్నమాట. లెక్కల్లో తేడా చూస్తే హైడ్రోజన్ ఎక్కడుందో దొరికిపోతుంది.

చేతికి తొడుక్కునే గాజులోనూ వరసల్లేవు. కాకపోతే ఆ జాతర ఫొటో తీసినట్టు ఆగిపోయింది. ఇదేదో కాలక్షేపం కబురు కాదు. వాడేసిన అణు ఇంధనాన్ని శుద్ధిచేశాక మిగిలే తీవ్ర రేడియోధార్మిక వ్యర్థాలను మన దేశంలో బోరోసిలికేట్ గాజులో కలిపి గడ్డ కట్టిస్తారు. అణువిద్యుత్తు మంచిదా చెడ్డదా అన్న వాదన ఎటు తేలినా, ఇప్పటికే ఉన్న వ్యర్థాలను భద్రంగా దాచాల్సిందే కదా! నీళ్లు తగిలినా కరగకుండా ఆ గాజు వేల ఏళ్లు ఉండాలి. బోరాన్‌ను అంటుకుని ఆక్సిజన్లు మూడున్నాయా, నాలుగున్నాయా అన్నదాన్నిబట్టి దాని గుణం మారుతుంది. అది చూడ్డానికీ న్యూట్రాన్లు కావాలి. చిక్కేమిటంటే, మామూలు బోరాన్‌లో కొంత భాగం న్యూట్రాన్లను మింగేస్తుంది. అందుకే మింగని రకం, బోరాన్-11ను విడిగా తెప్పించి, పరీక్ష కోసమే ప్రత్యేకంగా గాజు పోస్తారు.