ఇంటి నంబరు తారీఖైపోతే

మాదాపూర్‌లోని ఆ ఆఫీసుకు వచ్చే సరుకంతా చిరునామాలే. కొరియర్ బుకింగుల్లో జనం ఎలా తోస్తే అలా కొట్టిన వరుసలను ఇంటి నంబరు, పేట, ఊరు, పిన్‌కోడ్ అని గడుల్లోకి విడదీయడం అక్కడివాళ్ల పని. నేను వెళ్లేసరికి ఓ యువ ఇంజినీరు తెర మీద ఒక చిరునామా పెట్టుకుని కూర్చుంది: "ఇం.నం. 5-9-22, గుడి ఎదురు సందు, ఆదర్శ్‌నగర్, హైద్-63".

మనిషి కంటికి ఇందులో చిక్కేమీ లేదు.

"ముందు ఈ ఇంటి నంబరును కాపాడుకోవాలండీ" అందామె. హైదరాబాద్ పాత పేటల్లో నంబరు వార్డు, బ్లాకు, ఇల్లు అనే క్రమంలో ఉంటుంది. ఫైలును ఎవరైనా ఎక్సెల్‌లో తెరిచారంటే 5-9-22 కాస్తా 2022 సెప్టెంబరు 5 అయి కూర్చుంటుంది. గడి లోపల దాగేది 44809 అనే సంఖ్య. అమెరికా అమరిక ఉన్న కంప్యూటరైతే అదే నంబరు మే 9. ఈ జబ్బు జన్యుశాస్త్రాన్నీ పీడించింది. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లు తారీఖులుగా మారిపోతుంటే, నామకరణ సంఘం 2020 నాటికి ఆ పేర్లనే మార్చేసింది. అందుకే ఇక్కడ ప్రతి గడినీ మొదట అక్షరాలుగానే చదివిస్తారు.

తర్వాత పిన్‌కోడ్. 1972లో వచ్చిన ఈ 6 అంకెల్లో మొదటి 500 హైదరాబాద్‌ది కాబట్టి "హైద్-63" నుంచి 500063 రాబట్టడం తేలికే. పేచీ ఫోన్ నంబరుతో. వరుసగా 6 అంకెలు పట్టమని సూత్రం రాస్తే, 10 అంకెల ఫోన్ నంబరులోంచి కూడా ఆరు లాగేస్తుంది. ముందూ వెనకా మరో అంకె ఉండకూడదన్న షరతు చేర్చాకే అది దారికొచ్చిందట.

తెలుగులో రాసిన చిరునామాల తంటా వేరు. "ఆదర్శ్‌నగర్"లో పొల్లు నిలవాలంటే మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి, యూనికోడ్‌లో 200సి, ఉండాలి. కొందరు దాని బదులు ఖాళీ వదులుతారు, కొందరు ఏదీ లేకుండా కలిపేస్తారు. యంత్రానికి అవి మూడు పేటలు! పోల్చే ముందు మూడింటినీ ఒకే రూపానికి తెస్తారు.

ఇక "గుడి ఎదురు సందు". చిరునామా గడుల్లో ఇమడదని దీన్ని చెత్తగా తీసిపారేసే ప్రోగ్రాములున్నాయి. అది అన్యాయం. సరుకు తెచ్చే కుర్రాడు బండి ఆపి అడిగేది గుడి ఎక్కడనే గాని, వార్డు నంబరు కాదు. ఇక్కడ దానికి "ఆనవాలు" అని ప్రత్యేకంగా గడి కేటాయించడం చూస్తే సంతోషం వేసింది.

సూత్రాలకు లొంగనివాటిని ప్రోగ్రాము ఊహించి నింపదు, పక్కన పెడుతుంది. వాటిని చూసేది తపాలా శాఖలో సార్టింగ్ చేసి రిటైరైన పెద్దాయన. "అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు పక్కన" అని మాత్రమే ఉన్న వరుసకు ఆయన తడుముకోకుండా 500001 కొట్టారు. ఎవరు, ఎప్పుడు దిద్దారో పక్క గడిలో పడింది. సూత్రం మారినప్పుడు మళ్లీ మొదటి నుంచి నడపడానికని, అసలు వరుసను వచ్చింది వచ్చినట్టే విడిగా దాచారు.