వెనుకబండి దెబ్బయు బీమా కాగితమును

బండి పుట్టిననాటి నుండియు బండిదెబ్బ యున్నది. దెబ్బ తగిలిననాడు నష్టమెవ్వరు భరింపవలయునను ప్రశ్నయు నంత పాతదే. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నీ విచారణ కలదు. ముకుత్రాడు తెగినను, కాడి గాని యిరుసు గాని విరిగినను, తొలగుడని కేకవేసిన పిదప జరిగినను దండనము లేదట. తోలువాడు నేర్పులేనివాడైనచో యజమానునకును, నేర్పరియై యుండియు నేమఱినచో తోలినవానికే దండనమట. బండి యెట్లున్నది, తోలినవాడెట్టివాడు, యజమానుడెవ్వడు అను నీ మూడు ప్రశ్నలనే నేటి మోటారు చట్టమును నడుగుచున్నది. నాలుగవ ప్రశ్న మాత్రము క్రొత్తది: బీమా యున్నదా?

మన దేశమున 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, మన బండివలన నితరులకు గలుగు నష్టమునకై బీమా తప్పనిసరి యనెను. ఆ నియమము 1946 జూలై 1వ తేది నుండి యమలునకు వచ్చెను. పిదప వచ్చిన 1988వ సంవత్సరపు చట్టమున నిదియే 146వ సెక్షను. బీమా లేక బండి నడుపువారికి 2019వ సంవత్సరపు సవరణ తొలిసారి రూ. 2,000లు, మరల పట్టువడినచో రూ. 4,000లు జరిమానా గాని, మూడు నెలల వఱకు ఖైదు గాని, రెండును గాని విధించెను. ఇంత కట్టుదిట్టముగ నుంచిన కాగితమును పెక్కిండ్లలో పురుషులు బీరువాలో దాచుటయు, స్త్రీలు దాని ముఖమైన జూడకుండుటయు మేమెఱుగుదుము. దానిని చదువుకొనుటవలన మాకు గలిగిన మేలు చెప్పుటకే యీ నాలుగు మాటలు.

మాది నెల్లూరికి తూర్పున సముద్రపుటొడ్డుననున్న పల్లె. మావారు బడిపంతులు. మా రోడ్లకిరువైపుల వరిచేలును రొయ్యల గుంటలును గలవు. పట్టుబడి దినమున ఐసు కరగకమున్నే సరకు చేరవలయునని వ్యానులు పరుగులిడును. ఒకనాటి సాయంకాలము నెల్లూరినుండి మైపాడు రోడ్డున మేము వచ్చుచుండగా గేదెలు కొన్ని యడ్డము వచ్చెను. మావారు కారు నిలిపిరి. వెనుక వచ్చుచున్న రొయ్యల వ్యాను నిలువలేక మా కారును గ్రుద్దెను. డిక్కీ తలుపు లోనికి బోయెను, అద్దము పగిలెను, బంపరు వ్రేలాడెను. లోపల మా యత్తగారును పిల్లలును గలరు. ఎవ్వరికిని రక్తము రాలేదు.

వ్యాను తోలినవా డిరువది యేండ్ల కుఱ్ఱవాడు. "అమ్మా, పోలీసులకు చెప్పొద్దమ్మా, మా ఓనరు నా జీతంలో పట్టుకుంటాడు" అని చేతులు జోడించెను. గుమిగూడినవారు రూ. 5,000లు పుచ్చుకొని, ఇక నే తగాదాయు లేదని వ్రాసియిచ్చి పొండని తీర్పు చెప్పిరి. మావారిది మెత్తని మనస్సు, అప్పటికే తలయూపుచుండిరి. అప్పుడు మేము కుఱ్ఱవానితో నిట్లంటిమి: "నాయనా, నీ కూలిలో నుండి మాకొక్క పైస వలదు. నీ బండికి బీమా యున్నది, మా బండికిని యున్నది. ఇట్టి దినమునకే యిరువురము సొమ్ము కట్టితిమి." రోడ్డుమీది రాజీలో సొమ్ము బీదవాని జేబునుండి వచ్చును, బీమాలో నందఱు కలసి కట్టిన నిధినుండి వచ్చును. దయ యెందు గలదో మీరే యోచింపుడు.

పిదప రెండు బండ్ల నంబరులును, అవి నిలిచిన తీరును ఫోనున ఫోటోలు తీసి, పోలీసు స్టేషనులోని డైరీలో సంగతి వ్రాయించి, ఆ రాత్రియే బీమా కంపెనీకి ఫోనున దెలిపితిమి. మఱునాడు ప్రొద్దున మా యత్తగారికి మెడ త్రిప్పరాలేదు. వెనుకనుండి దెబ్బ తగిలినపుడు తల యొక్కసారిగా వెనుకకు, వెంటనే ముందునకు నూగుటచే మెడ నరములును కండరములును సాగి, నొప్పి యొక్కొక్కప్పుడు మఱునాడే పైకి దెలియునని డాక్టరుగారు చెప్పిరి. మూడు వారములకు నెమ్మదించినది. ముందురాత్రి తగాదా లేదని వ్రాసియిచ్చి యుండినచో, ఆ నొప్పి పెరిగిననాడు మేమడుగుట కేమి మిగిలియుండును?

ఇక రిపేరు సంగతి. వ్యాను బీమా నుండి రాబట్టవలెనన్నచో మోటారు ప్రమాదముల ట్రైబ్యునలునకు బోవలయును; అందుకు కాలము పట్టును. కావున మా పాలసీపైననే యడిగితిమి. షాపువారు పని మొదలిడకమున్ను కంపెనీ సర్వేయరు వచ్చి చూచిపోవలయును. ఈ క్రమము తప్పినచో చిక్కులు వచ్చును. సర్వేయరు డిక్కీ తలుపును టింకరింగు చేసిన జాలునని తొలుత వ్రాసెను. తలుపు విప్పి చూచినపుడు లోపలి చట్రము మెలిపడి, గడియ పట్టకుండుట కనబడెను. దాని ఫోటోలు పంపి మరల చూడుమని కోరితిమి. అంతట క్రొత్త తలుపున కొప్పుకొనెను.

షాపులో నొకడు మెల్లగా, "పాత గీతలు కూడ ఇందులోనే కలిపేస్తామమ్మా, బీమావాళ్ల సొమ్మే గదా" యనెను. మేము వలదంటిమి. ఆ సొమ్ము మనవంటి సంసారులు కట్టిన ప్రీమియమే. అదియునుగాక కల్ల కలిపినచో నిజమైన క్లెయిమునకును ముప్పు.

బిల్లు రూ. 38,000లైనది. ప్లాస్టికు బంపరు రూ. 6,000లలో సగము తరుగు క్రింద కోసిరి. కారు మూడేండ్లు దాటినది గనుక ఇనుప తలుపు రూ. 12,000లలో నూటికి 25 కోసిరి. అద్దము రూ. 5,000లకు తరుగు లేదు. రంగుపని రూ. 8,000లలో నాలుగవ వంతు రంగు ఖరీదని యెంచి, అందు సగము కోసిరి. కూలి రూ. 7,000లకు కోతలేదు. తరుగు మొత్తము రూ. 7,000లు, ప్రతి క్లెయిమునందును మనమే భరింపవలసిన రూ. 1,000 కలిపి మేమిచ్చినది రూ. 8,000లు, కంపెనీ యిచ్చినది రూ. 30,000లు. ప్రీమియము కొంత హెచ్చుగ గట్టినచో తరుగు కోతలేని పాలసీయు దొరకును.

మఱియొక లెక్క కలదు. క్లెయిము అడుగని యేండ్లకు, సొంత కారు నష్టమునకై కట్టు ప్రీమియములో తగ్గింపు నూటికి 20, 25, 35, 45, 50 చొప్పున పెరుగును. తప్పెదుటివారిదైనను, మన పాలసీపై నడిగినచో నది సున్నకు దిగును. ఆ ప్రీమియము మాకు రూ. 8,000లు, మేమప్పటికి 35 వఱకు వచ్చితిమి. తగ్గింపు మరల 50కి చేరులోపల మాకు బోవునది మొత్తము రూ. 9,600లని కాగితముపై లెక్కించితిమి. వచ్చునది రూ. 30,000లు గనుక నడుగుట మేలైనది. చిన్న గీతకో, పగిలిన దీపమునకో యడుగుట నష్టము. ఈ లెక్కకు పోపులపెట్టె లెక్కలు వచ్చిన యిల్లాలు చాలును.

కంపెనీ న్యాయముకాని కోత కోసినచో, కారణము వ్రాతమూలకముగ నిమ్మనుడు. మొదట వారి ఫిర్యాదుల యధికారికి వ్రాయుడు. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చినది సరిగ లేకున్నను, మన రాష్ట్రమువారికి హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ కలడు. అచట ఫీజు లేదు, వకీలక్కఱలేదు.

వ్యాను యజమానునితోను ఫోనున మాటలాడి, కుఱ్ఱవాని జీతము కోయవలదని కోరితిమి. కోయలేదని తరువాత నాతడే చెప్పెను. ముందు బండికి తగినంత యెడముంచుమని 2017వ సంవత్సరపు డ్రైవింగు నియమములలో నున్నదనియు, ఐసు కరగినను బ్రదుకు కరగరాదనియు మావా రాతనికి పాఠము చెప్పిరి. విన్నాడో లేదో!

సోదరీమణులారా! ఈ రాత్రి వంటయిల్లు సర్దిన పిదప మీ యింటి పాలసీని తీసి చదువుడు. ముగియు తేదిని క్యాలెండరుపై గుర్తు పెట్టుడు. కంపెనీ ఫోను నంబరును కారులోను, మీ సంచిలోను వ్రాసి యుంచుడు.