దినచర్యలో సెలా

కీర్తనల గ్రంథమును పెద్దగా చదువునప్పుడు మనము కన్నులతో చూచియు నోటితో పలుకక దాటిపోవు మాట ఒకటి కలదు. అది "సెలా" అనునది. కీర్తనలలో 71 మారులు, హబక్కూకు ప్రార్థనలో 3 మారులు అది కనబడుచున్నది. దాని అర్థమును గూర్చి పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. అది పాడువారికిని వాయించువారికిని వ్రాయబడిన గురుతనియు, ఇచ్చట ఆగవలెనని దాని భావమనియు అనేకులు తలంచుచున్నారు. దైవశాస్త్ర కళాశాలలో హెబ్రీ భాష నేర్చుకొనిన దినములలో నాకది వ్యాకరణ విషయము మాత్రమే. ఇంచుమించు ముప్పది సంవత్సరములు సంఘకాపరిగా నుండిన పిమ్మట అది జీవిత విషయమైనది. మన దినములలో కూడ ప్రభువు అక్కడక్కడ సెలా వ్రాసియుంచుచున్నాడనియు, మనము దానిని చదువక పరుగెత్తుచున్నామనియు నాకు తోచుచున్నది.

46వ కీర్తనలో ఆ మాట మూడు మారులు వచ్చుచున్నది. అది నీడ క్రింద తీరికగా కూర్చుండినవాని పాట కాదు. పొంగు సముద్రము, కంపించు కొండలు, కూలు రాజ్యములు, యుద్ధాయుధములు అందులో ఉన్నవి. ఇంత ఘోష మధ్యను ప్రభువు నిశ్చలముగా నుండుడని ఆజ్ఞాపించుచున్నాడు. అచ్చటి హెబ్రీ క్రియకు పట్టు సడలించుట, చేతులు దింపుట అను భావము కలదు. లోకము నిమ్మళించిన తరువాత మీరును నిమ్మళించుడని ఆయన చెప్పలేదు. అలజడి ఇంకను ఉండగానే పట్టు వదలి, దేవుడెవరో గుర్తెరుగుడని ఆ ఆజ్ఞకు తాత్పర్యము.

మన ఘోష వేరు విధమైనది. కన్ను తెరువగానే ప్రార్థనకంటె ముందుగా చేయి సెల్‌ఫోనును వెదకును. ఇంటిలో టీవీ, వీధిలో మైకు సెట్టు. దేవుని మందిరములోను మనకు మౌనము అలవాటు లేదు. ప్రసంగమైన పిమ్మట ఒక్క నిమిషము ఎవరును మాటలాడని యెడల, కాపరి ఏదో మరచిపోయెనని తలంచి వెనుక వరుసలో ఒకరు గొంతు సవరించుకొందురు. రెండవ నిమిషమునకు ఎవరో కీర్తన ఎత్తుకొందురు!

అయితే తీరిక గలవారికే మౌనధ్యానము సాధ్యమని పలువురు చెప్పుదురు. మా సంఘములో మిరపకోతకు వెళ్లు సహోదరి యొకతె ఈ మాట నా ముఖము మీదనే చెప్పెను. "అయ్యగారూ, మీకు తలుపేసుకోటానికి గదుంది. నాకేది? నాలుగింటికి లేస్తే ఆటో వచ్చేలోపు వంట, పిల్లల పని అన్నీ అయిపోవాలి" అనెను. ఆమె చెప్పినది నిజము. ఆమెకు గది చూపగలవాడను కాను గనుక, ఊరకుంటిని. కొంతకాలమైన పిమ్మట ఆమెయే మరల వచ్చి, "ఆటో ఎక్కాక చెరువుకట్ట దాటేదాకా నేనెవరితోనూ మాట్లాడట్లేదయ్యగారూ. ఆ కాస్సేపూ ఆయనతోనే. పక్కవాళ్లకి కూడా అలవాటైపోయింది, పలకరించరు" అనెను. పదిమంది స్త్రీలు ఇరుకుకొని కూర్చుండిన ఆటోలో, ఇంజను మ్రోతలో, ఆమెకు గది దొరికెను. కట్ట మీది ఆ కొద్దిపాటి దారి ఆమె దినములోని సెలా.

17వ శతాబ్దమున పారిసు నగరములోని కర్మెలు మఠమందు బ్రదర్ లారెన్సు అను సహోదరుడుండెను. ఆయన పండితుడు కాడు, గురువు కాడు, వంటశాలలో పనివాడు. ఆ పని స్వభావముచేత ఆయనకు ఇష్టమైనదియు కాదు. అయినను గిన్నెల చప్పుడులో, ఒకేసారి పలువురు పలు వస్తువుల నడుగుచుండగా, దేవుని సన్నిధిని తలంచుకొనుట ఆయన అభ్యాసము చేసెను. 1691లో ఆయన మరణించిన పిమ్మట ఆయన జాబులును సంభాషణలును అచ్చుపడి, నేటివరకు అనేక భాషలలో చదువబడుచున్నవి. ఆ సన్నిధి ఆయనకు ఒక్క దినములో అలవడలేదు. మనస్సు తొలగిపోయిన ప్రతి మారును దానిని మరల మెల్లగా త్రిప్పుకొనుచు వచ్చెను. ఆ సహోదరికిని ఈ సహోదరునికిని మూడు వందల సంవత్సరముల ఎడమున్నది గాని, వారు నడచిన త్రోవ యొక్కటే.

మౌనమునకు మనము దూరముగా నుండుటకు సమయము లేకపోవుట ఒక్కటే కారణము కాదు. కొందరు దానికి భయపడుదురు. రోడ్డు ప్రమాదములో ఎదిగిన కుమారుని పోగొట్టుకొనిన తండ్రి యొకని యింటికి నేను సాయంకాలములందు వెళ్లుచుంటిని. ఆ యింట టీవీ రాత్రియంతయు మ్రోగుచుండెను. "ఇల్లు నిశ్శబ్దమైతే వాకిట్లో బండాగిన చప్పుడు వినపడుతుందయ్యగారూ. వాడొచ్చాడేమోనని లేస్తాను" అని ఆయన చెప్పెను. దానిని ఆపుమని నేను చెప్పలేదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లును ఏడు రాత్రులును మాటలాడక అతనియొద్ద నేలమీద కూర్చుండిరి; వారు చేసిన పనులలో శ్రేష్ఠమైనది అదియే. నేనును ఆ చప్పుడులోనే ఆయన ప్రక్కను కూర్చుండి వచ్చుచుంటిని.

కొన్ని వారములైన పిమ్మట ఒక సాయంకాలము ఆయనయే లేచి టీవీ ఆపివేసెను. చాలసేపు ఏడ్చెను. తరువాత పైకి చూచి, "ఎందుకు తీసుకెళ్లావు ప్రభువా?" అనెను. కుమారుని సమాధి చేసిన దినము మొదలుకొని ఆయన దేవునితో పలికిన మొదటి మాట అది. ఆ ప్రశ్నకు ఆ రాత్రి జవాబు రాలేదు, నేను చెప్పబూనలేదు. ఇప్పటికిని కొన్ని రాత్రులు ఆ టీవీ మ్రోగుచునే యుండును. అయితే ఆగిపోయిన సంభాషణ మరల మొదలైనది. ఫిర్యాదు కూడ ప్రార్థనయే. కీర్తనలలో అటువంటివి ఎన్నో కలవు.

హోరేబు కొండ మీద ఏలీయాకు సంభవించినది జ్ఞాపకము చేసికొందము. గాలియు భూకంపమును అగ్నియు దాటిన పిమ్మట, మెల్లని స్వరము వినబడినప్పుడు, అతడు మొదట చెప్పుకొనినది తన మొరయే. దేవుడు ఆ మొరను త్రోసివేయలేదు. అతనిని ఆ గుహలోనే ఉంచివేయనులేదు. హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకింపుమని పనులు అప్పగించి, వచ్చిన త్రోవనే మరల పంపెను. నిజమైన నిశ్చలత పనినుండి పారిపోవుట కాదు. కపెర్నహూములో ప్రభువును ఇంకను చీకటియుండగనే లేచి ఏకాంతమున ప్రార్థించి, ఆ ఉదయముననే ఇతర గ్రామములకు బయలుదేరెను గదా!

చదువరీ, నీ దినములో సెలా ఎచ్చట వ్రాయబడియున్నదో వెదకుము. అన్నము ఉడుకుచుండగా పొయ్యియొద్ద నిలిచిన కొద్దిసేపు కావచ్చును. బస్సు రాని పావుగంట కావచ్చును. రోగి మంచము ప్రక్క తెల్లవారని గడియ కావచ్చును. వాక్యము చదివిన వెంటనే గ్రంథము మూయక కొంచెముసేపు ఊరకుండుము. గృహారాధనలో ప్రభువు ప్రార్థనకు ముందు పిల్లలతో కూడ ఒక్క నిమిషము మౌనముగా నుండుడి. వారు మొదట నవ్వుదురు, తరువాత నేర్చుకొందురు. ఆ నిమిషములో నీకు సమాధానమునకు ముందు కన్నీరు వచ్చినను లేచిపోకుము. మన మాటలు అయిపోయిన చోట వినువాడు ఉన్నాడు. ఆయన సన్నిధి నీ పనిపాటలలో నీకు తోడైయుండును గాక. ఆమేన్.