రాత రాలేలోగా

2024 జూన్ 11, మంగళవారం
ఎండకి నిలవలేక మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలోకి వెళ్లాను. 1875లో పెట్టినది. ఇన్నేళ్లూ దాని ముందునుంచే తిరిగాను, లోపలికి మాత్రం ఇవాళే. అందరూ సిర్‌పూర్ కంచు విగ్రహాల దగ్గర ఆగారు. నేను కిరారి కొయ్య దగ్గర ఆగిపోయాను. బీటలు వారిన పాత స్తంభం. రాత కోసం వెతికాను. అది అక్షరమో, పగులో...

జూన్ 12
నిద్ర పట్టలేదు. 1921 కరువులో కిరారిలో హీరాబంధ్ చెరువు ఎండితే బయటపడిందట. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కొయ్య. నీళ్లలో ఉన్నన్నాళ్లూ ఏమీ కాలేదు. ఒడ్డుకి తెచ్చాక, ఎండకి పెచ్చులు లేచి రాత రాలిపోయింది. ఈలోగానే ఊరి పండితుడు లక్ష్మీప్రసాద్ ఉపాధ్యాయ ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదకి దించుకున్నాడు. బ్రాహ్మీ లిపి. అర్థం తెలియకుండానే. సేనాపతి, భాండాగారికుడు, ఏనుగులవాడు... ఆ కొలువంతా ఇప్పుడు ఆయన కాగితం వల్లే ఉంది.
మన అటక మీద ట్రంకులోనూ పాత రాత ఉంది.

జూన్ 16, ఆదివారం
ట్రంకు దించాను. తాతయ్య తాటాకుల కట్ట. నాన్న శ్రీకాకుళం నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. నాన్న పోయాక తాడు విప్పడం ఇదే మొదలు. పై ఆకు ఖాళీ అనుకున్నాను. కిటికీ దగ్గర వాలుగా పట్టుకుంటే గీతలు. గంటం గీత ఉంది, మసి పోయింది.

జూన్ 19
దీపం మసి, రెండు చుక్కల నిమ్మగడ్డి నూనె. ముందు విరిగిన ముక్క మీద పట్టించి, గుడ్డతో తుడిచాను. చెయ్యి వణికింది. తేలాయి! వలపలగిలకలు. మాటకీ మాటకీ ఎడం లేదు. పొట్టి ఎ, పొడుగు ఏ ఒకటే. ఒక పంక్తికి గంట. ఒకచోట 'పద్యం' అని ఉంది. తాతయ్య పద్యాలు రాసేవారా? నాన్న ఎప్పుడూ అనలేదే.

జూన్ 23
వాన. గోడలు చెమ్మ. కట్టని బీరువా పై అరలోకి మార్చాను. "అమ్మా, ఇవన్నీ ఎవరు చదువుతారు?" అంది అమ్మాయి.

జూన్ 30, ఆదివారం
ఆరో ఆకు అమ్మాయి కాగితం మీదకి దించింది. తెలుగు అక్షరాలు రావు దానికి, చదువంతా హిందీలోనే. బొమ్మ వేసినట్టు వేసింది, నాలుక పంటి కింద పెట్టుకుని. మళ్లీ అదే 'పద్యం'. కానీ దాని బొమ్మలో గుండ్రం లోపల చుక్క, కింద చిన్న గీత. నువ్వు వేశావా అన్నాను. ఉంది చూడు అంది.
భూతద్దం పెట్టాను. ఉంది.
పథ్యం.
నా నోట్‌బుక్‌లో పద్యమన్న చోటల్లా కొట్టేసి దిద్దాను. నాలుగు చోట్ల.
ఎవరికి పెట్టిన పథ్యం? ఇంట్లో ఎవరు మంచం పట్టారు?