ఎఫ్11 నొక్కినా లేవని సిస్టం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని తమ్ముళ్ళు అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలు ప్రతి సంచికలోనూ సీనియర్లు బాగా రాస్తూనే ఉన్నారు. నీళ్ళచారు గురించి, గుడ్డు పెట్టే రోజు క్యూ గురించి మేము కొత్తగా చెప్పగలిగేది ఏమీ లేదు. అందుకని మాకు చేతనైన పని గురించి రాస్తున్నాము. మేమంటే ఒకే రూములో ఉండి చదువుకున్న నలుగురం. ఇప్పుడు ఒకరు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్, ఒకరు షిప్పింగ్ ఆఫీసులో గుమస్తా, ఇద్దరం టీచర్లం. కంప్యూటర్ ఇంజనీర్లం ఎవరమూ కాము. అయినా 2007 నుంచి, వీలున్న ప్రతి ఆదివారం గాజువాకలో మాలో ఒకరి ఇంటి వరండాలో కూర్చుని, మన హాస్టల్ వాళ్ళ ఇళ్ళల్లోని కంప్యూటర్లు చూస్తున్నాము.

మా దగ్గరికి వచ్చేవి చాలావరకు బ్రాండెడ్ సిస్టంలే. అసెంబుల్డ్ సిస్టం అయితే బిగించి ఇచ్చిన షాపువాడు ఉంటాడు, వాడే చూసుకుంటాడు. బ్రాండెడ్‌ది అలా కాదు. ఎవరో ఆఫీసరుగారింట్లో నాలుగైదేళ్ళు వాడి, కొత్తది కొనుక్కున్నాక పాతది మనవాళ్ళకు రెండు మూడు వేలకు ఇచ్చేస్తారు. బిల్లు ఉండదు, సీడీ ఉండదు, వారంటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇంట్లో మొదటి కంప్యూటర్ కాబట్టి అమ్మ కుట్టిన గుడ్డ కవరు మాత్రం ఉంటుంది. కొన్నాళ్ళకు అది బూట్ అవ్వదు. షాపుకు తీసుకెళ్తే ఫార్మాట్ కొట్టాలంటారు. పక్కింటి వాళ్ళు "రికవరీ చెయ్యి, కొన్నప్పటిలాగ అయిపోద్ది" అంటారు. ఆ రికవరీ కూడా అవ్వనప్పుడు మా వరండాకు వస్తుంది.

అసలు రికవరీ అంటే ఏమిటో ముందు చెప్పాలి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో సిస్టంతోపాటు విండోస్ సీడీ ఇవ్వడం చాలా కంపెనీలు మానేశాయి. బదులుగా హార్డ్‌డిస్కులోనే ఒక మూల కొన్ని జీబీల జాగా తీసి, విండోసు, డ్రైవర్లు, ఆ కంపెనీ ప్రోగ్రాములు అన్నీ మూటగట్టి అక్కడ పెట్టేవి. సిస్టం ఆన్ అయ్యేటప్పుడు ఒక కీ నొక్కితే ఆ మూట విప్పుకుని, సి డ్రైవు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజులాగ అయిపోతుంది. హెచ్‌పీ, కాంపాక్‌లకు ఎఫ్11, వాటిలో కొన్ని పాతవాటికి ఎఫ్10, డెల్‌కు కంట్రోల్‌తో ఎఫ్11, ఏసర్‌కు ఆల్ట్‌తో ఎఫ్10, ఆసుస్‌కు ఎఫ్9. కంపెనీకి సీడీ ఖర్చు మిగిలింది. కొన్నవాడి పరిస్థితి మాత్రం ట్రంకు పెట్టె రెండో తాళంచెవిని అదే ట్రంకులో పెట్టి తాళం వేసుకున్నట్టు అయింది. డిస్కు పోతే విండోసూ పోతుంది, దాన్ని బాగుచేసే మూటా పోతుంది. కొన్న మొదటి రోజే ఆ మూటను ఖాళీ సీడీల మీదకో డీవీడీల మీదకో రాసుకోమని స్క్రీన్ మీద అడిగేది. చాలా కంపెనీలు ఒక్క సెట్టే రాయనిచ్చేవి. ఆ సెట్టు రాసి దాచుకున్న ఇల్లు మాకు తగలడం చాలా అరుదు.

కీ నొక్కితే ఏమీ రావట్లేదంటే అంతగా భయపడక్కర్లేదు. డిస్కు మొట్టమొదటి గడిలో, మాస్టర్ బూట్ రికార్డు అనే చోట, కంపెనీ పెట్టిన చిన్న ప్రోగ్రాము ఆ కీ కోసం కాచుకుని ఉంటుంది. ఎవరైనా మధ్యలో మామూలు విండోస్ సీడీతో ఎక్కించినా, లినక్స్ వేసినా ఆ గడిలో వేరేది వచ్చి కూర్చుంటుంది. కీ పనిచెయ్యదు గానీ మూట అక్కడే ఉంటుంది. దాచి ఉన్న ఆ పార్టిషన్‌ను యాక్టివ్ చేసి బూట్ చేస్తే చాలాసార్లు రికవరీ స్క్రీన్ వచ్చేస్తుంది. పార్టిషన్ల పట్టికే చెడిపోతే, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాము పోయిన పార్టిషన్‌ను వెతికిపెడుతుంది. కొందరు మాత్రం జాగా చాలట్లేదని ఆ రికవరీ డ్రైవులోని ఫైళ్ళు తీసేసి పాటలు వేసుకుంటారు. అక్కడ ఇక చేసేదేమీ లేదు.

రికవరీ మొదలై మధ్యలో ఆగిపోవడమే అసలు తలనొప్పి. "అన్నా, ముప్పై శాతం కాడ ఆగిపోతంది" అని వస్తారు. మేము అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. ప్రతిసారీ అక్కడేనా, ఒక్కోసారి ఒక్కోచోటా? ప్రతిసారీ అదే శాతం దగ్గర ఆగితే డిస్కులో ఆ చోట బ్యాడ్ సెక్టార్ ఉన్నట్టు, లేదా డీవీడీ మీద గీత పడినట్టు. ఒకసారి పన్నెండు, ఒకసారి యాభై, ఒకసారి ఎనభై అయితే డిస్కును అనుమానించే ముందు ర్యామ్‌ను, వేడిని, ఎస్‌ఎంపీఎస్‌ను చూడాలి. సైడు డోరు తీసి, తర్వాత వేయించిన ర్యామ్ ఏదైనా ఉంటే దాన్ని పీకేసి, కంపెనీతో వచ్చింది ఒక్కటే ఉంచుతాము. దాని పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతాము. మన ఊరి సముద్రపు గాలికి లోపలి చెమ్మా ఉప్పూ కలిసి ఏది పడితే దాని మీద పట్టేస్తాయి. పాతనగరం వైపునుంచి వచ్చే సీపీయూలలో అయితే ప్రాసెసర్ ఫ్యాను రెక్కల మీద పేరుకున్న నల్లటి పొడిని బ్రష్షుతో దులిపితే దోసెడు వస్తుంది. ఆ పొడి వదిలించగానే, మరేమీ చేయకుండానే, రికవరీ నూరు శాతం అయిపోయిన సిస్టంలు ఎన్నో ఉన్నాయి. ప్రింటరు, పెన్‌డ్రైవు, కార్డు రీడరు అన్నీ పీకేసి కీబోర్డు, మౌసు మాత్రమే ఉంచాలి. అప్పటికీ అనుమానంగా ఉంటే రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి పడుకుంటాము.

బయోస్ బ్యాటరీ సంగతి చాలామందికి తోచదు. పాతిక ముప్పై రూపాయల బిళ్ళ అది. అది అయిపోతే గడియారం ఏళ్ళ వెనక్కి పోవడమే కాదు, బయోస్‌లో హార్డ్‌డిస్కు సెట్టింగు కూడా మొదటికి వచ్చేస్తుంది. ఎక్స్‌పీకి ఆ మార్పు తెలియదు కాబట్టి నీలం స్క్రీన్, చివర 7బి అని ఒక నంబరు. ఇంటివాళ్ళు వైరస్ అనుకుంటారు. ఇంకొకటి, కెపాసిటర్లు ఉబ్బి మదర్‌బోర్డు పోయిన సిస్టంలో షాపువాళ్ళు మామూలు బోర్డు వేసి ఇస్తారు. పైన కంపెనీ పేరే ఉంటుంది, కానీ రికవరీ డిస్కులు బోర్డులో కంపెనీ గుర్తు కోసం వెతికి, ఇది మా సిస్టం కాదని ఆగిపోతాయి. డిస్కులను తప్పుపట్టి లాభం లేదు.

ఇవన్నీ మిషను సంగతులు. కానీ రికవరీ కీ నొక్కేముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. లోపల ఏముంది? పూర్తి రికవరీ అంటే సి డ్రైవు తుడిచి మళ్ళీ రాయడం. మై డాక్యుమెంట్సూ, డెస్క్‌టాపూ ఉండేది సి డ్రైవులోనే. ఫైళ్ళు ఉంచే రికవరీ, ఉంచని రికవరీ అని కొన్నింట్లో రెండు రకాలు ఉంటాయి గానీ, ఇంగ్లీషులో నాలుగు లైన్లు చదివి ఎంచుకునే ఓపిక షాపువాడికి ఉండదు.

2009లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మన హాస్టల్ తమ్ముడు ఒకడు సీపీయూను ఆటోలో వేసుకుని వచ్చాడు. వాళ్ళ నాన్న కళాసీ, అంతకుముందు ఏడాదే చనిపోయాడు. షాపులో రికవరీ పెట్టారట, సగంలో ఆగిపోయిందట, డిస్కు మార్చాలి పద్దెనిమిది వందలన్నారట. మేము విండోస్ ఎలా ఎక్కించాలా అని మాట్లాడుకుంటుంటే వాడు చాలాసేపు విని అన్నాడు, "అన్నా, ఇండోస్ రాపోయినా పర్నేదు. అందులో మా నాన్న ఫొటోలున్నాయి." మేనమామ పెళ్ళిలో ఎవరో డిజిటల్ కెమెరాతో తీసినవి. ఇంట్లో వాళ్ళ నాన్నది వేరే ఫొటో లేదు, రేషన్ కార్డులో ఉన్నది తప్ప. సంవత్సరీకానికి పటం కట్టించాలని వాళ్ళమ్మ అడుగుతోంది.

ఆ డిస్కును విప్పి మా సిస్టంకు రెండో డిస్కుగా తగిలించాము. దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా ఫొటోరెక్ అనే ప్రోగ్రాము పెట్టాము. అది ఫైళ్ళ పేర్లు పట్టించుకోదు, డిస్కును మొదటి నుంచి చివరిదాకా తడుముకుంటూ ఫొటోలా కనిపించిన ప్రతిదాన్నీ ఏరి పక్కన పెడుతుంది. రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే తెల్లారేదాకా నడిచింది. తమ్ముడు హాస్టల్‌కు వెళ్ళలేదు, వరండాలోనే కూర్చున్నాడు. వార్డెన్‌గారికి మేమే ఫోన్ చేసి చెప్పాము. పొద్దున్న వేలల్లో బొమ్మలు వచ్చాయి, ఎక్కువ భాగం ఇంటర్నెట్‌లో చూసిన పేజీల ముక్కలు. వాటిలో పెళ్ళి ఫొటోలు నలభై దాకా దొరికాయి. వాళ్ళ నాన్న ఉన్నది ఒక్కటే. తలపాగాతో నవ్వుతున్నాడు. తల, భుజాలు చక్కగా వచ్చాయి, ఛాతీ కింద నుంచి అంతా బూడిదరంగు పలక. కొత్తగా రాసిన విండోస్ ఆ ఫైలు కింది సగాన్ని తొక్కేసింది. రికవరీ నూరు శాతం అయి ఉంటే పైసగం కూడా మిగిలేది కాదేమో. సగంలో ఆగిపోవడమే మంచిదైంది. స్టూడియోవాళ్ళు భుజాల వరకు కత్తిరించి పెద్దది చేసి ఇచ్చారు.

అందుకే మేము ఏ సిస్టం వచ్చినా ముందు ఉబుంటు సీడీతో లేపుతాము. అది డిస్కు జోలికి పోకుండా సీడీ నుంచే నడుస్తుంది, ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకి తీసుకోవచ్చు. ఆ సీడీలు అప్పట్లో అడ్రసు ఇస్తే ఉచితంగా పోస్టులో పంపేవాళ్ళు, 2011లో ఆపేశారు. మన హాస్టల్ అడ్రసుకు విదేశీ స్టాంపుతో కవరు వచ్చినప్పుడు వాచ్‌మన్ దాన్ని వార్డెన్‌గారి టేబుల్ మీద పెట్టి, మాకు ఇవ్వడానికి రెండు రోజులు ఆలోచించాడు. ఇప్పుడు అదే పని పెన్‌డ్రైవుతో చేస్తున్నాము.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక వరండా చాలలేదు. నీళ్ళు పోయిన సీపీయూను ఆన్ చేసి చూసిన వాళ్ళవి బోర్డులు కాలిపోయాయి. ఆన్ చేయకుండా తెచ్చినవాటిని నీడలో ఫ్యాను కింద రోజుల తరబడి ఆరబెట్టాము, కొన్ని లేచాయి. కరెంటు వస్తూ పోతూ ఉండటంతో ఫైలు పట్టిక చెడిపోయినవి ఎక్కువ. వాటికి రికవరీ అవసరమే లేదు, చెక్‌డిస్క్ సరిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్ 8తోనే ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. అంటే పాత సిస్టంలో రికవరీ విజయవంతమైనా చేతికొచ్చేది నెట్‌కు పెట్టకూడని ఎక్స్‌పీయే. అలాంటివాటికి మేము తేలికపాటి లినక్స్ వేసి ఇస్తున్నాము.

కొత్త ల్యాప్‌టాప్‌ల కష్టాలు వేరు. విండోస్ 8 నుంచి కంపెనీలు లైసెన్సు కీని బోర్డులోని చిప్పులోనే పెడుతున్నాయి కాబట్టి స్టిక్కరు చెరిగిపోయిందనే బాధ లేదు. రికవరీ మూట పాడైనా ఇంకో సిస్టంలో మైక్రోసాఫ్ట్ సైటునుంచి 8 జీబీ పెన్‌డ్రైవులోకి విండోస్ దింపుకోవచ్చు. అయినా ట్రంకు తాళం కథ మారలేదు. 2024 జనవరిలో వచ్చిన ఒక అప్‌డేట్ రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ అడిగింది, కంపెనీలు చిన్నగా కోసి ఇచ్చిన సిస్టంలలో అది ఎర్రర్ ఇచ్చి కూర్చుంది. 2025 అక్టోబర్‌లో విండోస్ 11 అప్‌డేట్ ఒకటి వేసుకుంటే రికవరీ స్క్రీన్ వచ్చేది గానీ అందులో యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేసేవి కావు. ఆ నెల 20న సవరణ ఇచ్చారు. ఆ వారంలో పాత గుండ్రటి పిన్ను కీబోర్డు ఉన్నవాడు రాజు.

అన్నిటికంటే మేము భయపడేది బిట్‌లాకర్ స్క్రీన్‌కు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అవ్వగానే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు తాళం పడుతుంది. ఎప్పుడైనా బోర్డు మార్చినా, బయోస్ కదిపినా 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ అకౌంటులో ఉంటుంది. కానీ ల్యాప్‌టాప్ అమ్మిన రోజున షాపు కుర్రాడు వాడి ఈమెయిల్‌తోనే అకౌంటు తెరిచి ఇచ్చేస్తే? పోయిన ఏడాది మన హాస్టల్ అమ్మాయి ఒకామె ప్రాజెక్టు మొత్తం అలా లోపల ఉండిపోయింది. ఉబుంటు కూడా ఆ తాళం ముందు ఏమీ చేయలేదు. ఆమె బిల్లు పట్టుకుని షాపుకు వెళ్తే ఆ కుర్రాడు పని మానేశాడన్నారు. మూడు వారాలు తిరిగి, అతని ఫోను నంబరు పట్టుకుని, అతని అకౌంటు తెరిపించి కీ రాయించుకున్నాము. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సంచిక పక్కన పెట్టగానే మీ ల్యాప్‌టాప్ ఎవరి ఈమెయిల్ మీద ఉందో చూడండి. ఆ 48 అంకెలను కాగితం మీద రాసి ట్రంకులో పెట్టండి.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆదివారం పది తర్వాత రండి. మానిటరు మోసుకురావద్దు, మా దగ్గర ఉంది. సీపీయూ, దాని పవర్ కార్డు, ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు, ఒక ఖాళీ పెన్‌డ్రైవు తెండి. షాపులో రికవరీ అప్పటికే పెట్టించి ఉంటే ఎన్ని శాతం దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకుని రండి.