మసకబారిన దీపాలు



నలభై దాటిన తరువాత రాత్రిపూట దారి సరిగా కనబడకపోతే ఎవరైనా ముందు తమ కళ్లనే అనుమానిస్తారు. మేమూ అలాగే చేశాము. మాది 2007 నాటి చిన్న కారు, సెకండ్ హ్యాండులో కొన్నది. గుడివాడ చుట్టుపక్కల పల్లెలలో సాయంకాల కూటములు ముగించుకుని, భార్యాభర్తలమిద్దరము దానిలోనే ఇల్లు చేరేవారము. 2021 వర్షాకాలం మొదలుకొని దారి మసకగా కనబడసాగింది. కంటి డాక్టరు గారికి చూపించుకుంటే, "దూరపు చూపు బాగానే ఉంది, చదువుకోవడానికి మాత్రం కళ్లజోడు వాడండి" అన్నారు. వానకో మంచుకో అలా ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాము.

ఆ డిసెంబరులో ఒక రాత్రి కాలువ గట్టు మీదుగా వస్తున్నాము. కోతల కాలంలో మా వైపు రోడ్డే కళ్లం. సగం రోడ్డున ధాన్యం ఆరబోసి, సాయంత్రానికి రాశి చేసి, పైన బరకం కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. మా వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటలేదు. అయినా ఆ వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. "రాయి!" అని పక్క సీటులోనుండి కేక వినబడగానే బ్రేకు మీద కాలు పడింది. టైరు రాయిని తాకి ఆగింది. ఆ రాయికి అవతల, బరకం అంచున, దుప్పటి ముసుగు తన్ని ఒక పెద్దాయన ధాన్యానికి కాపలా పడుకుని ఉన్నాడు.

ఆయన ఉలిక్కిపడి లేచి, కారు వైపు చూసి, "ఏంటి బాబూ, లైట్లేసుకోకుండా వస్తన్నారు?" అన్నాడు.

లైట్లు వేసే ఉన్నాయి. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

మరునాడే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్లి, "పెద్ద బల్బులు వేయి బాబూ" అని అడిగాము. అతడు నవ్వి, "కుండకు చిల్లి ఉంటే పెద్ద చెంబుతో పోసి ఏం లాభం అయ్యగారూ? ఇవి 60/55 వాట్ల బల్బులు. 100/90 వేస్తే పాత వైర్లు వేడెక్కి స్విచ్చి కాలిపోతుంది. పైగా ఎదురొచ్చేవాళ్లకు కళ్లు కనబడవు" అన్నాడు.

ఇంజను నడుస్తుండగా, లైట్లు వేసి మీటరు పెట్టాడు. బ్యాటరీ వద్ద 13.8 వోల్టులు, బల్బు వద్ద 12.4 మాత్రమే. అంటే నూటికి పది వోల్టులు దారిలోనే పోతున్నాయి. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు సుమారు మూడో వంతు తగ్గిపోతుందట! ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పట్టి ఉంది. దానిని గీకి శుభ్రం చేసి బిగించాడు. కరెంటంతా పాత స్విచ్చి గుండా పోకుండా, బ్యాటరీ నుండి నేరుగా బల్బులకు అందేటట్లు రిలే అమర్చాడు. పాతబడిన బల్బులు రెండూ ఒకేసారి మార్చాడు. హాలోజన్ బల్బు గాజును చేతితో తాకకూడదని, వేళ్ల జిడ్డు అంటిన చోట గాజు మరీ వేడెక్కి బల్బు త్వరగా పోతుందని అప్పుడే తెలుసుకున్నాము.

ఇక పైనున్న ప్లాస్టిక్ అద్దాలు ఎండకు పచ్చబడి ఉన్నాయి. టూత్ పేస్టుతో రుద్దితే మెరుపు కొన్నాళ్లే. అతడు తడి వాటర్ పేపరుతో, మొదట 1000 నంబరు, తరువాత 2000 నంబరు, ఓపికగా రుద్ది, పాలిష్ పెట్టి, ఎండను అడ్డుకునే పూత వేశాడు. ఆ పూత లేకపోతే కొద్ది నెలలకే మళ్లీ పచ్చబడతాయి. బల్బు వెనుక వెండిలా మెరిసే గిన్నె మాత్రం మాకు బాగానే ఉంది. దాని మెరుపు పోతే ఎంత తుడిచినా రాదు, దీపం మొత్తం మార్చవలసిందే.

చివరగా కారును చదునైన చోట, గోడకు 25 అడుగుల దూరాన నిలిపి, డిమ్ లైటు పై అంచు దీపం ఎత్తు కంటే కొంచెం కిందికి పడేటట్లు సరిచేశాడు.

ఆ రాత్రి అదే గట్టు మీద ఒక్కొక్క రాయి విడివిడిగా కనబడింది. ఇన్ని నెలలు గుడ్డిగా నడిపామా అని సిగ్గుపడ్డాము. దీపం ఒక్క రోజున మసకబారదు. రోజుకింత తగ్గుతూ ఉంటే లోపల కూర్చున్నవారికి అదే అలవాటైపోతుంది. ఎదుట ఉన్నవారికే తెలుస్తుంది. ఆ పెద్దాయన చెప్పకపోతే మేము ఇంకా మంచునే నిందిస్తూ ఉండేవారమేమో!

ఇప్పుడు ప్రతి నెలా మొదటి రాత్రి మాలో ఒకరము స్టీరింగు వద్ద కూర్చుంటే, మరొకరము కారు ఎదుట నిలబడి చూస్తాము. మీ ఇంట కారు గాని, ట్రాక్టరు గాని, మోటారు సైకిలు గాని ఉన్నట్లయితే ఈ రాత్రే ఎవరినైనా ఎదుట నిలబెట్టి అడగండి. కోతల కాలంలో గట్ల మీద మనుషులు పడుకుంటారు.