ఏరు వస్తేనే పూసే తీరం

2022 ఏప్రిల్ 4న మా తిరుపతికి సముద్రం వచ్చింది. కొత్త జిల్లాలు గీసినప్పుడు నెల్లూరు నుంచి సూళ్లూరుపేట వైపు మండలాలు ఇటు కలిశాయి. మా జిల్లాకీ తీరం, ఉప్పుగాలి దక్కాయని పేపర్లు రాశాయి. గీతలు గీసినవాళ్లకంటే చాలా ముందే స్వర్ణముఖి ఏరు ఈ చుట్టరికం కలిపిందని నా వాదన.

కాకపోతే ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ ఏటిని చూస్తే ఎవరూ నమ్మరు. చంద్రగిరి దగ్గర అంతా ఇసుక, కంపచెట్లు. అందుకే మావైపు "ఏరు వచ్చింది" అంటారు, చుట్టం వచ్చినట్టు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, శేషాచలం మీద వాన కురిస్తేగాని ఆ చుట్టం గడప తొక్కదు. 2021 నవంబరులో మాత్రం పిలవకుండానే వచ్చి ఇళ్లలోకి దూరింది.

శ్రీకాళహస్తిలో ఏరు ఉత్తరవాహిని. భక్తులకు గుడి తొందర. ఆశ్వయుజంలో వెళితే ఒడ్డున రెల్లు తెల్లగా పూసి గాలికి ఒకే పక్కకి వాలుతుంటుంది. వానలు ఇంకా రావాల్సి ఉన్నాయని నాకు అదే గుర్తు.

నాయుడుపేటలో ఏటిని వదిలి చెన్నై రోడ్డు పట్టాను. దొరవారిసత్రం దాకా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, లారీలు తప్ప. అక్కడ రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే నేలపట్టు. 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువు నీళ్లలో నిలబడిన కడప చెట్లు, వాటి కొమ్మలు వంగేలా గూడబాతులు. పిల్ల ఆకలేసి తల మొత్తం, మెడతో సహా, తల్లి గొంతుసంచిలోకి దూర్చేస్తుంది. తల్లి తూలుతుంది, రెక్కలు టపటప కొట్టుకుంటుంది. ఎవరు ఎవర్ని మింగుతున్నారో కాసేపు అర్థం కాదు. ఆ సంచిలో చేప పులికాట్ సరస్సుది. చెట్ల కింద పడే రెట్ట చెరువులో కలిసి, ఆ నీళ్లు పొలాలకు పారతాయి. పైరుకు అదే ఎరువు. ఈ ఊళ్లో పిట్టల మీద ప్రేమకు ఉపన్యాసాలు అక్కర్లేదు.

పిట్టలు పోయాక చూసేవాళ్లూ రారు. కానీ ఎండాకాలంలో ఈ కడప చెట్లకే ఎర్రటి పూలు దారానికి గుచ్చినట్టు మూరెడు పొడవున వేలాడతాయి. రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతాయి. పొద్దున వెళ్లినవాడికి కింద పరిచిన ఎరుపే దొరుకుతుంది.

సూళ్లూరుపేటలో కాళంగి పలకరిస్తుంది, ఒడ్డున చెంగాళమ్మ. రాకెట్ ఎగరేసే ముందు ఇస్రో పెద్దలు ఇక్కడ మొక్కి వెళతారు. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు. రెండు పక్కలా పులికాట్, చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సగటున మీటరు లోతుంటే ఎక్కువ. ఆ రోడ్డు కట్ట సరస్సును రెండు ముక్కలు చేసి నీటి రాకపోకలకు అడ్డుపడింది. పిట్టల్ని దగ్గరగా చూపించేదీ ఆ కట్టే. నేనూ దాని మీద నిలబడే చూశాను, కాబట్టి గట్టిగా తిట్టలేను.

వాన బాగా పడితే ఫ్లెమింగోలు వెంటనే వచ్చేస్తాయనుకుంటాం. కాళ్లందని లోతులో వాటికి మేత లేదు. ఏర్లు తెచ్చిన మంచినీళ్లు ఉప్పులో కలిసి, తీసి, సంక్రాంతికి మోకాలి లోతుకు రావాలి. అప్పుడు దిగుతాయి. 2001లో మొదలైన పక్షుల పండుగ ఎక్కువసార్లు జనవరిలో పడటం అందుకే. ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద తొక్కుతూ, నీళ్లు పీల్చి వదులుతూ జల్లెడ పడతాయి. సన్నని రొయ్యలూ నాచూ లోపల మిగులుతాయి. ఆ గులాబి రంగు తిండిదే, అందుకే చిన్నవాటి ఒళ్లు ఇంకా బూడిదరంగే. ఫోటో కోసం చప్పట్లు కొట్టి మందను లేపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నీళ్లు ఇంకా తీస్తే అంచుల్లో ఇలకూర అనే ఉప్పునేల మొక్క ఎర్రబడుతుంది. ఆ రోడ్డు చివర శ్రీహరికోట గేటు దగ్గర పాసు లేనివాడి ప్రయాణం ఆగిపోతుంది. సముద్రం చూడాలంటే చుట్టు తిరిగి, ఉత్తరాన తూపిలిపాళెం పోవాలి. నాయుడుపేటలో నేను వదిలేసిన ఏరు కడలిలో కలిసేదీ ఆవైపే, వాకాడు దాటి.

అక్కడ ఇసుకదిబ్బల మీద బాలబందు తీగ పాకి ఉంది, ఊదారంగు గిన్నెల్లాంటి పూలతో. పక్కనే రావణాసురుడి మీసాలు, చేత్తో పట్టుకుంటే గుచ్చుకునే గడ్డి. దాని ఎండిన గింజలబంతి ఒకటి తెగి, ముళ్ల మీదే దొర్లుతూ నా కాళ్ల ముందు నుంచి పోయింది. ఒడ్డున వల సరిచేస్తున్న ఆయన కాలితో ఆపి, "పట్టుకోకు అబ్బయా, గుచ్చుద్ది" అని మళ్లీ గాలికి వదిలేశాడు.